భాషా బోధనలో యంత్రం, జట్టు

భాషా పాఠంలో వాడే సాంకేతిక పరికరాల వరస టేపురికార్డరుతో మొదలై రేడియో, టెలివిజన్, కంప్యూటర్, ఫోను, డిజిటల్ బోర్డుల మీదుగా ఇవాళ మనతో మాట్లాడే సాఫ్ట్‌వేర్ దాకా వచ్చింది. జట్టు పని అంటే ఇద్దరు మొదలు అయిదారుగురు విద్యార్థులు కలిసి కూర్చుని, నేర్చుకుంటున్న భాషలోనే ఏదో ఒక పని పూర్తి చేయడం. ఈ రెంటినీ వేర్వేరు పాఠాలుగా చెప్పడం అలవాటైపోయింది. మొదటిది బడ్జెట్ లెక్కల్లోకి పోతుంది, రెండోది తరగతి క్రమశిక్షణ చర్చల్లోకి పోతుంది. అరవై డెబ్బై ఏళ్ల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విభజన నిలవదు. అక్షరాలు, పదాలు, కొంత ఉచ్చారణ యంత్రం ముందు ఒంటరిగా కూర్చున్నా పట్టుబడతాయి. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం, అర్థం కాకపోతే అడగడం, అన్న మాటను సరిదిద్దుకుని మళ్లీ చెప్పడం మాత్రం ఎదుట ఒక మనిషి ఉంటేనే వస్తాయి. ఆ మనిషికి మన మాటతో పని పడితేనే వస్తాయి. ఆ అవసరాన్ని పుట్టించిన చోట చౌక పరికరం కూడా బాగా పనిచేసింది. పుట్టించని చోట ఖరీదైన పరికరాలు మూలపడ్డాయి.

దీనికి మొదటి సాక్ష్యం లాంగ్వేజ్ ల్యాబ్. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక, తన చదువులు వెనకబడ్డాయన్న కలవరంతో అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. గణితం, సైన్సులతో పాటు విదేశీ భాషలకూ నిధులు వచ్చాయి, బడుల్లో ల్యాబులు వెలిశాయి. అరకో విద్యార్థి, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందొక మైకు. టేపులో వాక్యం వినిపిస్తుంది, విద్యార్థి తిరిగి అంటాడు, సరైన రూపం మళ్లీ వినిపిస్తుంది. భాష అంటే అలవాట్ల మూట, పదేపదే అనిపిస్తే అలవాటు గట్టిపడుతుంది అన్నది అప్పటి నమ్మకం. బి.ఎఫ్. స్కిన్నర్ ప్రవర్తనావాదం దానికి దన్నుగా నిలిచింది. స్కిన్నర్ పుస్తకం మీద నోమ్ చామ్‌స్కీ 1959లో రాసిన సమీక్ష ఆ పునాదిని కదిలించింది. 1963లో వచ్చిన కీటింగ్ నివేదిక, ఆ దశాబ్దం చివర్లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పెద్ద ఎత్తున జరిగిన పరిశీలన తరగతి గది నుంచే దెబ్బ కొట్టాయి. ల్యాబు వాడిన పిల్లలు వాడనివాళ్ల కన్నా చెప్పుకోదగ్గంత ముందుకు పోలేదని తేలింది. యంత్రాలు మొరాయించాయనీ, టీచర్లకు తగిన శిక్షణ లేదనీ సమర్థించుకోవచ్చు. అవీ కొంత నిజమే. అసలు లోపం మాత్రం ఆ అరలోనే ఉంది. అక్కడ విద్యార్థి పలికిన వాక్యం ఎవరికీ చేరదు. స్టేషనుకు దారెటు అని యాభైసార్లు అడిగినా అతను అందుకోవలసిన రైలు లేదు, దారి చెప్పే మనిషీ లేడు.

ల్యాబు ఆలోచన మన దగ్గరా గట్టిగానే నాటుకుంది. ఇప్పుడు ఇఫ్లూగా పిలుస్తున్న కేంద్ర ఆంగ్ల సంస్థ హైదరాబాదులో ఏర్పడిందీ 1958లోనే. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ పాఠ్యప్రణాళికలోని ఇంగ్లిష్ ల్యాబుకు రెండు భాగాలున్నాయి. ఒకటి కంప్యూటర్ సాయంతో నేర్చుకునే ల్యాబు, రెండోది పరస్పర సంభాషణ ల్యాబు. మాట్లాడటానికి విడిగా చోటు ఉండాలని గుర్తించడం మంచి అడుగే. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చి, ఇంగ్లిష్‌లో నోరు విప్పడానికి జంకే విద్యార్థికి ఆ చోటు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఏర్పాటులోనే మన అలవాటు కనిపిస్తుంది. ఒకవైపు యంత్రం, మరోవైపు మనుషులు. హెడ్‌ఫోన్‌లో విన్న సంగతిని పక్క భాగానికి తీసుకెళ్లి, అది వినని మనిషికి చెప్పవలసిన పని పెడితే ఆ రెండు భాగాలూ ఒకటవుతాయి.

చెప్పవలసిన పని ఎందుకంత ముఖ్యమో కెనడా ఫ్రెంచ్ బడుల అనుభవం తేల్చింది. 1965లో క్విబెక్‌లోని సెయింట్ లాంబర్ట్‌లో మొదలైన ప్రయోగంతో, ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచ్‌లో చెప్పే పద్ధతి వ్యాపించింది. ఏళ్ల తరబడి విన్నాక ఆ పిల్లల అవగాహన ఫ్రెంచ్ పిల్లలకు దగ్గరగా వచ్చింది. మాటలోనూ రాతలోనూ వ్యాకరణ దోషాలు మాత్రం పోలేదు. అర్థమయ్యే భాషను సమృద్ధిగా వినిపిస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుందన్న స్టీఫెన్ క్రాషెన్ వాదానికి ఇది ఇబ్బందికరమైన ఫలితం. 1985లో మెరిల్ స్వెయిన్ దీనికి కారణం చెప్పింది. వినేటప్పుడు అర్థాన్ని ఊహించుకుని గట్టెక్కవచ్చు. చెప్పేటప్పుడు ప్రత్యయం, కాలం, లింగం అన్నీ మనమే ఎంచుకోవాలి, తెలియనిది ఏమిటో అప్పుడే బయటపడుతుంది. మైకేల్ లాంగ్ ఇంకో మాట చేర్చాడు. ఇద్దరి మధ్య మాట తెగి, 'అంటే?' అని ఒకరు అడిగినప్పుడు రెండోవాళ్లు వాక్యాన్ని తిప్పి చెప్పే ఆ క్షణంలోనే భాష మీద ధ్యాస నిలుస్తుందన్నాడు. తరగతి మొత్తం టీచరు వైపు తిరిగి కూర్చుంటే ఈ క్షణాలు ఎన్ని దొరుకుతాయి? నలభై మంది తరగతిలో నలభై అయిదు నిమిషాల పీరియడులో సగం టీచరు మాట్లాడితే, మిగిలింది పిల్లవాడికి అర నిమిషం. నలుగురేసి జట్లలో ఇరవై నిమిషాలు పని చేయిస్తే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు దక్కుతాయి. 1985లో లాంగ్, ప్యాట్రిషియా పోర్టర్ కలిసి రాసిన వ్యాసం జట్టు పనిని సమర్థించింది ఇలాంటి లెక్కతోనే.

అయితే జట్లుగా కూర్చోబెట్టినంత మాత్రాన మాట పుట్టదు. దీన్ని తెరిజా పైకా, క్యాథరిన్ డౌటీ రెండు అధ్యయనాల్లో చూపించారు. మొదటిదాంట్లో ఇంగ్లిష్ నేర్చుకునే పెద్దవాళ్లకు చర్చించి నిర్ణయం తీసుకోమని సమస్యలు ఇచ్చారు. చురుకైన ఒకరిద్దరు మాట్లాడారు, మిగతావాళ్లు తలాడించారు. అర్థం కాలేదని అడిగి సరిచూసుకోవడం జట్లలో పెరగలేదు. 1986 నాటి రెండో అధ్యయనంలో ఒక తోట బొమ్మలో మొక్కలు అమర్చే పని ఇచ్చారు. ఏ మొక్క ఎక్కడుండాలన్న సమాచారం ఒక్కరి దగ్గరే ఉండదు, తలా కొంత ఉంటుంది. ఇప్పుడు నోరు విప్పక ఎవరికీ గత్యంతరం లేదు. జట్లలో ప్రశ్నలు, సవరణలు బాగా పెరిగాయి. ఇలాంటి సమాచార ఖాళీని కల్పించడంలో ఫోనుకు సాటి లేదు. ఒకరి ఫోనులో రైతుబజారు ధరల పట్టిక ఉంటుంది, రెండోవాళ్ల ఫోనులో కొనవలసిన కూరగాయలు, చేతిలో ఉన్న డబ్బు ఉంటాయి. తెర ఒకరికొకరు చూపించుకోకూడదు. వంకాయలు అరకిలో కొంటే బెండకాయలకు మిగులుతుందా లేదా అన్నది మాటలతోనే తేలాలి. కాగితం ముక్కలతోనూ ఇది చేయవచ్చు. ఫోనుతో అయితే ధర మధ్యలో మార్చవచ్చు, తెచ్చిన జవాబు అక్కడికక్కడే సరిచూడవచ్చు.

పరికరం నిబంధనను కొద్దిగా మారిస్తే పిల్లల ప్రవర్తన ఎంత మారుతుందో చూపిన ప్రయోగం మనకు దగ్గర్లోనే జరిగింది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఉదయ్ సింగ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో తొయామా గ్రామీణ బడుల కంప్యూటర్లను గమనించారు. ఒక్కో కంప్యూటర్ చుట్టూ అయిదారుగురు, కొన్నిచోట్ల పదిమంది పిల్లలు. మౌసు ఒకరి చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు భుజాల మీదుగా తొంగిచూస్తుంటారు. ఎక్కువ కంప్యూటర్లు కొనాలన్నది మామూలు పరిష్కారం. వాళ్లు ఎక్కువ మౌసులు పెట్టారు. ఒకే తెర మీద తలా ఒక రంగు బాణం గుర్తు. తర్వాత 238 మంది పిల్లలతో ఇంగ్లిష్ పదాలు నేర్చుకునే ఆట ఆడించి చూశారు. అయిదు మౌసులతో అయిదుగురు పంచుకున్న కంప్యూటరూ, ఒక్కరికే ఇచ్చిన కంప్యూటరూ పదాల లెక్కలో మొత్తం మీద సమానంగా నిలిచాయి. ఒక యంత్రం అయిదుగురికి పూర్తిగా పనికొచ్చిందంటే పేద బడికి అది చిన్న విషయం కాదు.

అంతకన్నా విలువైన సంగతి ఆ ప్రయోగంలోనే ఉంది. ఆటను రెండు రకాలుగా తయారు చేశారు. ఒక రకంలో ఎవరు ముందు సరైన జవాబు నొక్కితే తెర వెంటనే ముందుకు పోతుంది. రెండో రకంలో అందరూ సరైన జవాబు మీద నొక్కితేనే కదులుతుంది. మొదటిది పందెం, రెండోది ఒప్పందం. యంత్రం అదే, పదాలు అవే, పిల్లలూ అలాంటివాళ్లే. అయినా నేర్చుకున్నదీ, ప్రవర్తించిన తీరూ రెండింటిలో కొట్టొచ్చినట్టు వేరుగా ఉన్నాయి. మగపిల్లల ఫలితం ఆట నిబంధనను బట్టి బాగా మారింది. ఆడపిల్లలు అన్ని ఏర్పాట్లలోనూ దాదాపు ఒకే తీరున నేర్చుకున్నారు. అందరూ నొక్కక తప్పని ఆటలో తెలిసినవాడికి తెలియనివాడితో పని పడుతుంది. పక్కవాడి బాణం గుర్తు తప్పు బొమ్మ మీద ఆగిపోతే అందరి ఆటా ఆగిపోతుంది కాబట్టి, అది కాదు ఇది అని చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. బడికి పరికరాలు కొనేవాళ్లు తెర ఎన్ని అంగుళాలని అడుగుతారు. ఒక్కరు చేస్తే కదులుతుందా, అందరూ చేస్తే కదులుతుందా అని అడిగితే ఇంకా మేలు.

హైదరాబాదులో జరిగిన మరో ప్రయోగం వేరే కోణం చూపిస్తుంది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ, మరో ఇద్దరు పరిశోధకులు 2003లో దీన్ని ప్రచురించారు. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు చదివే ఒక ప్రైవేటు బడిలో 16 మంది పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లిష్ సినిమాలు, మాటను రాతగా మార్చే ప్రోగ్రామ్ ఇచ్చి జట్లుగా వదిలేశారు. పెద్దల జోక్యం నామమాత్రమే. పిల్లలు పలికింది యంత్రానికి అర్థం కాకపోతే తెర మీద ఇంకేదో పడుతుంది. ఎందుకలా పడిందో తేల్చుకోవలసింది పిల్లలే. కొన్ని నెలల్లో వాళ్ల ఉచ్చారణ మెరుగుపడింది. పదహారు మందితో చేసిన పని మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం. పైగా ఏ గొంతుతో శిక్షణ ఇస్తే ఆ యాసనే యంత్రం సరైనదంటుంది. తెలుగు యాసలో స్పష్టంగా పలికే ఇంగ్లిష్‌ను తప్పనే అధికారం దానికి ఇవ్వకూడదు. అయినా ఇక్కడ గ్రహించవలసినది ఒకటుంది. టీచరు ముందు తప్పు పలికితే సిగ్గు. యంత్రం ముందు తప్పు పలికితే నలుగురూ కలిసి విప్పవలసిన చిక్కుముడి.

రాతలో జట్టు పనికి నెట్‌వర్కు తోడైతే ఏమవుతుందో అంతకు ముందే తేలింది. బధిర విద్యార్థుల కోసం వాషింగ్టన్‌లో ఉన్న గాలొడెట్ విశ్వవిద్యాలయంలో 1985లో కంప్యూటర్లను కలిపి తరగతి చర్చ మొత్తం ఇంగ్లిష్ రాతలో నడిపారు. చెవులకు అందని భాష వాళ్లకు తెర మీద సంభాషణగా దొరికింది. పదేళ్ల తర్వాత బర్క్‌లీలో రిచర్డ్ కెర్న్ ఫ్రెంచ్ తరగతుల్లో ఇదే పద్ధతి వాడి చూశాడు. నోటి చర్చలో కన్నా రాత చర్చలో విద్యార్థులు రెండు నుంచి మూడున్నర రెట్లు ఎక్కువసార్లు పాల్గొన్నారు. మాటల్లో వెనక ఉండిపోయేవాళ్లు ముందుకొచ్చారు. వ్యాకరణ శుద్ధి మాత్రం తగ్గింది, చర్చ ఒక దారిన సాగడమూ తగ్గింది. ఈ రెండో సగాన్ని దాచకూడదు. ముందు జంకు వదిలించి, రాసిందాన్ని తర్వాత జట్టే దిద్దుకునేలా రెండు మెట్లు పెట్టాలని అది చెబుతోంది.

జట్టు పని మీద అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ దక్షిణ భారతం నుంచే వచ్చింది, అదీ సంప్రదాయవాది నుంచి కాదు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా నడిపిన బెంగళూరు ప్రాజెక్టు, వ్యాకరణ పాఠాలను పక్కన పెట్టి రైలు టైంటేబుళ్లు, మ్యాపులు, లెక్కల వంటి పనుల ద్వారా ఇంగ్లిష్ నేర్పి ప్రపంచం దృష్టిని ఆకట్టుకుంది. పనిని పాఠానికి కేంద్రం చేసిన ఆ ప్రభుయే జట్టు పనిని కావాలని దూరం పెట్టాడు. ఒకరి తప్పుల ఇంగ్లిష్ ఒకరు వింటూ పోతే అందరి భాషా కలిసి ఒక సంకర రూపంలో గడ్డకట్టుకుపోతుందని ఆయన భయం. బయట ఇంగ్లిష్ వినపడని ఊళ్లో ఆ భయం తీసిపారేయదగింది కాదు. దీనికి రెండు జవాబులున్నాయి. నేర్చుకునేవాళ్లు జతగాడి తప్పును తిరిగి పలకడం చాలా అరుదని పోర్టర్ పరిశీలనలో తేలింది. ఎవరి తప్పులు వారికుంటాయి, పక్కవాడివి అంత తేలిగ్గా అంటవు. రెండోది, ప్రభు కాలానికి లేని వసతి. మంచి భాష జట్టుకు అందుబాటులో లేకపోవడమే ఆయన భయానికి మూలం. ఇవాళ రికార్డు చేసిన కథ, చదివి వినిపించే యాప్, నిఘంటువు జట్టు మధ్యలోనే ఉంటాయి. టీచరు ఒక్కరే మోసిన ఆ భారాన్ని యంత్రం పంచుకుంటే, జట్టు తన తప్పుల్లోనే తిరుగాడవలసిన పని లేదు.

జట్లు చేస్తే పిల్లలు తెలుగులోకి జారుకుంటారన్నది టీచర్ల గదుల్లో తరచూ వినిపించే మాట. జారుకుంటారు, నిజమే. స్వెయిన్, షారన్ లాప్కిన్ కెనడా పిల్లల జంటల్ని రికార్డు చేసి, సొంత భాష దేనికి వాడుతున్నారో చూశారు. పని ఎలా చేయాలో సర్దుకోవడానికి, మాట వెతుక్కోవడానికి, వ్యాకరణం తర్కించుకోవడానికి ఎక్కువగా వాడారు. ఇదంతా భాషా పనే. ఇంగ్లిష్ వాక్యంలో క్రియ ఎందుకు మారిందో ఇద్దరు పిల్లలు తెలుగులో వాదించుకుంటే ఆ పీరియడు దండగైనట్టు కాదు. నిషేధించే బదులు, చివరికి జట్టు తేవలసిన ఫలితం ఏ భాషలో ఉండాలో నిర్దేశిస్తే సరిపోతుంది. తెలుగే లక్ష్యమైన చోట ఈ సమస్య తలకిందులవుతుంది. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి అమెరికాలో తెలుగు నేర్పుతోంది. అక్కడి పిల్లలకు తమలో తాము తెలుగులో మాట్లాడుకోవలసిన అవసరమే ఉండదు, అందరికీ ఇంగ్లిష్ వచ్చు. అలాంటి చోట ఇంగ్లిష్ రాని అమ్మమ్మతో వీడియో కాల్ పెద్ద వనరు. ఆవకాయ పట్టే తీరులో ఒక్కో దశ గురించి ఒక్కొక్కరు తమ అమ్మమ్మనో నానమ్మనో అడిగి రావాలి, నలుగురూ కలిసి వరస పేర్చాలి అంటే, తెలుగు తప్ప వేరే దారి ఉండదు. 'మెంతులు వేయించాలా' అని అడిగితే 'దోరగా వేయించు' అంటుంది ఆవిడ. దోరగా అంటే ఏమిటో మళ్లీ అడగాలి. లాంగ్ చెప్పిన క్షణం అదే.

ఇక మూడో ఆక్షేపణ. యంత్రం పిల్లవాడి స్థాయికి తగ్గట్టు తనే పాఠం మార్చగలుగుతుంటే జట్టు ఎందుకు? ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద మురళీధరన్, సింగ్, గానిమియన్ చేసిన అధ్యయనాన్ని దీనికి రుజువుగా చూపిస్తారు. లాటరీలో అవకాశం దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లో దక్కనివాళ్ల కన్నా హిందీలో 0.23, గణితంలో 0.37 ప్రామాణిక విచలనాల మేర మెరుగయ్యారు. ఇది గట్టి ఫలితం. దాని నిర్మాణం గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటారు. తొంభై నిమిషాల్లో సగం కంప్యూటర్ దగ్గర, మిగతా సగం ఒక బోధకుడితో చిన్న జట్టులో గడిచేది. ఫలితం రెండూ కలిసినదాని ఫలితం. దీని పక్కన పెరూ అనుభవం పెట్టి చూడాలి. పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన గ్రామీణ బడుల మీద 2012లో వచ్చిన అధ్యయనం, గణితంలో గానీ భాషలో గానీ పరీక్ష ఫలితాలు మారలేదని చెప్పింది. తెర ఒక్కటే ఇచ్చిన అనుభవం మనకూ ఉంది, మన గ్రామాలకు టీవీ పాఠం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు చూశాయి, తెలుగులో కూడా. పిల్లలకు అది కొత్త లోకాన్ని చూపించింది. ఆ తెర మాత్రం పిల్లలు తిరిగి అన్న మాట వినలేదు.

ఇప్పటి తెర వింటుంది, జవాబు కూడా చెబుతుంది. 2022 చివర్లో వచ్చిన చాట్‌జీపీటీ, ఆ తర్వాత వచ్చినవాటితో ఓపికగల జతగాడు దొరికాడని సంబరపడేవాళ్లున్నారు. సిగ్గుపడే విద్యార్థికి అది మేలే. కానీ ఆ జతగాడికి మన మాటతో పని లేదు. మనం చెప్పకపోతే వాడికి తోటలో మొక్క ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోవడం ఉండదు. సగం సగం మాటను కూడా ఊహించి అర్థం చేసుకుంటాడు కాబట్టి, మాట దిద్దుకోవలసిన ఒత్తిడీ పెట్టడు. అందుకే దాన్ని విద్యార్థికి ఎదురుగా కూర్చోబెట్టే కన్నా జట్టు మధ్యలో పెట్టడం మంచిది. దానికి మంచి సరుకు అనువాదం. ఒక కథలో 'షి హ్యాజ్ టూ బ్రదర్స్' అన్న వాక్యం ఉందనుకుందాం. 'ఆమె రెండు సోదరులను కలిగి ఉంది' అన్నట్టు మాటకు మాట పేర్చిన తెలుగు మనకు అనువాదాల్లో తరచూ తగులుతూనే ఉంటుంది. ఎనిమిదో తరగతి జట్టు ముందు యంత్రం ఇచ్చిన అలాంటి వాక్యం పెట్టి దిద్దమంటే, 'రెండు సోదరులు' ఎవరైనా అంటారా అని ఒకరు పట్టుకుంటారు, 'ఇద్దరు' అవుతుంది. 'కలిగి ఉంది' పోయి 'ఆమెకు ఉన్నారు' వస్తుంది. తెలుగు మనుషుల్నీ వస్తువుల్నీ వేరుగా లెక్కపెడుతుందన్న సూత్రం ఎవరూ చెప్పకుండానే అక్కడ దొరుకుతుంది. అప్పుడు అసలు చిక్కు వస్తుంది. వాళ్లు ఆమెకు అన్నలా, తమ్ముళ్లా? ఇంగ్లిష్ వాక్యం చెప్పదు, యంత్రమూ అడగలేదు. కథలో మిగతా భాగం పక్క జట్టు దగ్గర ఉంది. ఒకరు లేచి వెళ్లి అడిగి రావాలి.